"ఉప్పు వేసినట్టు" సంభాషణ: కొలస్సయులకు 4:6లో ఉప్పంటే?

ప్రశ్న:
"ప్రతి మనుష్యునికి ఏలాగు ప్రత్యుత్తరమియ్యవలెనో అది మీరు తెలిసికొనుటకై మీ సంభాషణ ఉప్పు వేసినట్టు ఎల్లప్పుడు రుచిగలదిగాను కృపాసహితముగాను ఉండనియ్యుడి." సువార్త కొత్తగా చెప్పాలనేవాళ్లు నాటకానికైనా షార్ట్ ఫిల్ముకైనా ఈ వచనమే చూపిస్తారు. తెలుగులో ఉప్పూకారం దట్టించి చెప్పడమంటే లేనిది కలపడం కదా. మరి ఇక్కడి ఉప్పు ఏమిటండీ?

జవాబు:
ఉప్పూకారం అర్థం ఇక్కడ పొసగదండీ. మూలంలో ఉన్నది 'అర్టూయో' అనే గ్రీకు క్రియ, వంటకు రుచి కుదర్చడం. ఉప్పు సారం పోతే తిరిగి దేనితో తెస్తారని యేసు అడిగిన చోట కూడా (మార్కు 9:50, లూకా 14:34) ఇదే క్రియ. పైగా గ్రీకులో, లాటిన్‌లో ఉప్పంటే మాటలోని చమత్కారం అనే అర్థమూ ఉండేది. చప్పగా మాట్లాడొద్దు అంటున్నాడు ఈ పత్రిక రాసిన పౌలు, అంతే.

నన్నడిగితే ఈ వచనం బరువంతా 'ప్రత్యుత్తరము' మీద ఉంది. పోస్టర్ల మీద వేసేవాళ్లు సరిగ్గా ఆ ముక్కే కత్తిరిస్తారు! ప్రత్యుత్తరం అన్నాడంటే అవతలి మనిషి ముందే ఏదో అడిగాడన్నమాట. 'ప్రతి మనుష్యునికి' అన్నచోట గ్రీకులో 'ఒక్కొక్కరికి' అని ఉంది. ఇందులో వేదికా లేదు, మైకూ లేదు.

ఇంకొకరు:
ఒక్కొక్కరికి ఎలాగో అపొస్తలుల కార్యములలో పౌలే చేసి చూపించాడు. 13వ అధ్యాయంలో యూదుల సమాజమందిరంలో ఐగుప్తు, దావీదు అంటూ ఇశ్రాయేలు చరిత్రతో మొదలుపెట్టాడు. 14లో యూదులు కాని లుస్త్ర ఊరి జనం ముందు ఆ చరిత్ర ఊసే లేదు. వాన, పంట, తిండి, అంతే. 17లో ఏథెన్సంతా తిరిగి చూసి, "తెలియబడని దేవునికి" అని రాసివున్న బలిపీఠం ప్రస్తావనతో మాట అందుకున్నాడు. అక్కడే "మన మాయన సంతానము" అని "మీ కవీశ్వరులలో కొందరు" చెప్పారంటాడు. ఆ పాదం అరాటస్ అనే గ్రీకు కవిది, అతను రాసింది గ్రీకుల ప్రధాన దేవుడు జ్యూస్ గురించి! మన అనువాదకులు 'కవీశ్వరులు' అనడం నాకు భలే ఇష్టం.

ప్రశ్న అడిగినవారు:
అయితే నాటకాలూ పాటలూ ఈ వచనం కిందికి రావంటారా?

జవాబు:
నాటకం అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఒకాయన వచ్చి "ఆ తప్పిపోయిన కొడుకు కనబడగానే తండ్రి ఎందుకండీ పరుగెత్తాడు?" అని అడుగుతాడు చూడండి, ఈ వచనం అక్కడ మొదలవుతుంది. అప్పుడు బట్టీపట్టిన నాలుగు సూత్రాలు అప్పజెప్పితే అంత మంచి నాటకమూ చప్పబడిపోతుంది. యోహాను 4లో బావి దగ్గర యేసు దాహానికి నీళ్లడిగాడు. తర్వాత ప్రశ్నలు వేసింది ఆ సమరయ స్త్రీయే.

ఇంకొకరు:
'కృపాసహితముగా' గురించి ఒక్కమాట. గ్రీకు 'ఖారిస్'కు దయ, కృప అనే కాదు, మాటలోని సొగసు, వినసొంపు అనే అర్థమూ ఉంది. మన అనువాదం మొదటిదాన్నే పట్టుకుంది. ఉప్పు పక్కన పెట్టి చదివితే రెండోది కూడా వినిపిస్తుంది. అందుకే ఈ మాటకు 'ఏ సంభాషణనైనా ప్రసంగంగా మార్చాలి' అని చెప్పే వ్యాఖ్యానం నాకు మింగుడుపడదు.