8, 9 తారీఖుల్లోనే కూలుతున్న బ్యాచ్ ఫైల్

బిల్లింగ్‌బాబు:
బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కొట్టుకి కంప్యూటర్లు చూస్తుంటాను. రాత్రి బ్యాకప్‌కి నేనే రాసిన బ్యాచ్ ఫైల్ (విండోస్ ఆదేశాలు వరసగా నడిపే ఫైలు) ఉంది. పోయిన నెల 8న, 9న నల్ల విండో తళుక్కున మెరిసి మాయం. 10న మామూలే. ఈ నెల 8న మళ్లీ అదే తంతు. సేట్ అయితే "అష్టమి నవమి కలిసిరావు" అంటున్నాడు. తిథికీ తారీఖుకీ తేడా చెప్పే ఓపిక నాకు లేదు.

పార్క్‌లేన్‌పోరడు:
డబుల్ క్లిక్ చేస్తే ఎర్రర్ చదివే టైం దొరకదన్నా. సీఎండీ (ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) తెరిచి అండ్ల ఫైలు పేరు కొట్టు. నోట్‌ప్యాడ్‌ల బామ్ (ఫైలు మొదట్ల చేరే కనిపించని గుర్తు) ఉన్న యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ల సేవ్ చేసినవా? నాకు గట్లనే మొదటి లైన్ల పిచ్చి అక్షరాలు వచ్చినయ్.

నైట్‌షిఫ్ట్:
బామ్ అయితే రోజూ రావాలి కదా. టాస్క్ షెడ్యూలర్‌లో (టైంకి ప్రోగ్రాములు నడిపే విండోస్ టూల్) 'స్టార్ట్ ఇన్' ఫోల్డర్ ఖాళీగా వదిలేస్తే విండోస్ సిస్టమ్32 ఫోల్డర్‌లోంచి మొదలై ఫైళ్లు దొరకవు, నాకు వారం తినేసింది. కానీ అదీ రోజూ వచ్చేదే. తేదీతో లెక్కలేమైనా చేస్తున్నారా?

బిల్లింగ్‌బాబు:
నిన్నటి ఫోల్డర్ పేరు కోసం సిస్టమ్ తేదీలో మొదటి రెండక్షరాలు కోసి, అందులోంచి 1 తీసేస్తాను. పీసీ తేదీ 8కి మార్చి సీఎండీలో నడిపా. 'ఇన్‌వ్యాలిడ్ నంబర్' అంది, పక్కనే ఆక్టల్ అని ఏదో.

డాస్‌కాలం:
దొరికింది దొంగ. బ్యాచ్‌లో లెక్కలు చేసే సెట్ స్లాష్ ఏ ఆదేశం, అంకెకి ముందు సున్నా ఉంటే దాన్ని ఆక్టల్ (పదికి బదులు ఎనిమిదితో లెక్కపెట్టే పద్ధతి) అనుకుంటుంది. ఆక్టల్‌లో 7 దాటి అంకె లేదు. అందుకే 07 దాకా బతికిపోయావు, 08, 09 దగ్గర బోల్తా. 10కి ముందు సున్నా లేదుగా. ఎర్రర్ వచ్చాక వేరియబుల్ (లెక్క ఫలితం దాచుకునే పేరు) ఖాళీగా మిగులుతుంది. కింద ఇఫ్ షరతులో ఆ ఖాళీని పోల్చగానే స్క్రిప్టు మొత్తం చస్తుంది. తేదీ ముందు 1 తగిలించి 100 తీసెయ్: 108 లోంచి 100 పోతే 8. నెలతో కూడా లెక్క చేస్తుంటే అక్కడా ఇదే చెయ్, లేదంటే ఆగస్టు, సెప్టెంబరు మొత్తం ఏడుపే.

పార్క్‌లేన్‌పోరడు:
మరి 1వ తారీఖున నిన్న అంటే 0 అయితది గదా?

బిల్లింగ్‌బాబు:
నాలుక కరుచుకున్నా. ఇన్నాళ్లూ నెల మొదటి రోజు పాత కాపీ వెతకనే లేదన్నమాట.

నైట్‌షిఫ్ట్:
తేదీ లెక్క పవర్‌షెల్‌కి (విండోస్‌లోనే ఉండే కొత్త తరం స్క్రిప్టు టూల్) వదిలెయ్యండి. అందులో ఇవాళ్టి తేదీ ఇచ్చే గెట్-డేట్‌కి యాడ్‌డేస్ మైనస్ 1 ఇస్తే నెల మారినా అదే చూసుకుంటుంది. మీ పద్ధతిలో ఇంకో పీసీలో రీజియన్ అమెరికాది ఉంటే కోసిన మొదటి రెండక్షరాలు తేదీయే కావు.

బిల్లింగ్‌బాబు:
పెట్టేశా. తేదీని 8, 9, 1కి మార్చి మార్చి నడిపా, మూడూ ఓకే. తిరిగి సరిచెయ్యడం మర్చిపోయా. పొద్దున రెండు బిల్లులు 1వ తారీఖుతో వెళ్లాయట. సేట్ ఫోన్ మోగుతోంది.