బ్లడ్ ఫ్లూక్ వ్యాక్సిన్‌కి గురి ఎక్కడ పెట్టాలి? మగ పురుగు పై పొర మీదా, ఆడ పురుగు మీదా?

నత్తగుల్ల:
పారాసైటాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా, షిస్టోసోమా (అంటే రక్తనాళాల్లో బతికే బ్లడ్ ఫ్లూక్ పురుగు) మీద పేపర్లు చదివే కొద్దీ ఒక విషయం మింగుడు పడట్లేదు. వ్యాక్సిన్ ఎంత పనిచేసిందీ అంటే చాలామంది "మొత్తం పురుగులు ఇంత శాతం తగ్గాయి" అని ఒకే లెక్క చెప్తారు, మగవెన్ని ఆడవెన్ని అన్నది ఎక్కడో మూల టేబుల్లో ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. కానీ ఈ జబ్బులో మనిషిని పాడుచేసేది ముఖ్యంగా గుడ్లు కదా! మాన్సొనై అనే జాతి ఆడ పురుగు రోజుకి 300 దాకా గుడ్లు పెడుతుంది, బయటకి పోనివి లివర్లో, పేగు గోడలో ఇరుక్కుని చుట్టూ గడ్డలు కట్టి, ఏళ్లు గడిచే కొద్దీ లివర్ గట్టిపడి పొట్ట ఉబ్బి రక్తం కక్కుకునే దాకా వెళ్తుంది. మగ పురుగు ఎన్నేళ్లు బతికినా ఒక్క గుడ్డు పెట్టదు. అందుకే నా వాదన ఏంటంటే ఆడదాని పై పొర మీద ఏ ప్రోటీన్లున్నాయో విడిగా వెతకాలి, ట్రయల్ గెలిచిందా ఓడిందా అన్నది కూడా ఆడ పురుగుల లెక్క, గుడ్ల లెక్క మీదే తేల్చాలి. మీరేమంటారు?

రక్తనాళం:
తమ్ముడూ, గుడ్ల గురించి నువ్వన్నది కరెక్టే, కానీ అసలు ఆడ పురుగు ఎక్కడుంటుందో ఒకసారి ఆలోచించు. మగ పురుగు ఒళ్లు రెండు వైపులా ముడుచుకుని మధ్యలో కాలువలా ఉంటుంది, సన్నగా పొడుగ్గా ఉండే ఆడది దాదాపు జీవితమంతా ఆ కాలువలోనే గడుపుతుంది. మన రక్తంలో తిరిగే యాంటీబాడీలకి ఎదురుగా కనపడేది మగదాని వీపు. ఆ వీపు మీద పై పొర మామూలు చర్మం కాదు, కణాల మధ్య గోడలు లేకుండా ఒకటే జీవపదార్థం, దాని మీద రెండు పొరల మెంబ్రేన్, పైగా మన రక్తం గ్రూపు యాంటిజెన్లని (యాంటీబాడీలు గుర్తుపట్టే పదార్థాలని) కూడా ఒంటికి పూసుకుని మనలాగే కనపడుతుంది, అందుకే కదా ఏళ్ల తరబడి రక్తంలోనే బతికేస్తుంది. ఆ కవచానికి ఎక్కడ చిల్లు పడుతుందో చూడటం ముఖ్యం.

ఇంకోటి, ఈ జబ్బుకి ఇచ్చే ప్రాజిక్వాంటెల్ మందు సంగతి. ఆ మందు పెద్ద మగ పురుగుల మీద ఆడవాటి కన్నా ఎక్కువ పనిచేస్తుందని ఎలుకల్లో చూశారు. మందు తగలగానే మగదాని వీపు మీద అప్పటిదాకా దాగిన యాంటిజెన్లు బయటపడతాయని 1986లోనే చూపించారు, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు తీసేసిన ఎలుకల్లో అదే మందు సరిగా పనిచేయదని ఆ మరుసటి ఏడు తేలింది. అంటే ఇప్పుడు కోట్ల మందికి ఇస్తున్న మందే మగదాని పై పొర చీల్చి యాంటీబాడీలకి దారి ఇస్తోంది. మగది పోతే ఆడది ఎలాగూ ఎండిపోతుంది, జత లేని ఆడదానికి అండాశయం కూడా సరిగా ఎదగదు.

నత్తగుల్ల:
అన్నా, ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ. ఎండిపోతుంది, కానీ చావదు. జత పోయిన ఆడ పురుగుని కొత్త మగ పురుగులతో పాటు ఇంకో జంతువులోకి మారిస్తే మళ్లీ కోలుకుని గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. పైగా చాలా ఇన్ఫెక్షన్లలో ఆడవాటి కన్నా మగవే ఎక్కువ ఉంటాయి, మనం వ్యాక్సిన్‌తో సగం మగవాటిని చంపామే అనుకో, మిగిలిన సగంలో ఖాళీగా ఉన్నవి వెళ్లి ఆడవాటిని పట్టుకుంటాయి. అప్పుడు మొత్తం పురుగుల లెక్క బ్రహ్మాండంగా తగ్గినట్టు కనపడుతుంది, గుడ్లు మాత్రం అంతగా తగ్గవు. నేను భయపడేది ఇదే.

ఎస్ఎమ్-పీ80 అనే వ్యాక్సిన్ చూడండి, 2018లో బబూన్ల మీద ఫలితాలు వచ్చాయి. ఆడ పురుగులు 90 శాతం పైగా తగ్గాయి, కణజాలంలో గుడ్లు కూడా దాదాపు అదే స్థాయిలో తగ్గాయి. ఆడ, మగ విడివిడిగా లెక్కపెట్టారు కాబట్టే ఆ సంగతి బయటపడింది, అన్నీ కలిపేసి ఒకే అంకె ఇచ్చుంటే మామూలు వ్యాక్సిన్‌లాగే కనపడేది.

వెట్_తూగో:
మనుషుల సంగతి మాట్లాడుతున్నారు, పశువుల సంగతి కూడా ఒక ముక్క చెప్తానండీ. మన దగ్గర ఆవులకీ ఎద్దులకీ వచ్చే గురక వ్యాధి ఈ కుటుంబం పురుగు వల్లే, షిస్టోసోమా నాసేల్ అని 1933లో మద్రాసు నుంచి రావు గారు వర్ణించింది. ముక్కు రక్తనాళాల్లో జంటలుగా ఉంటాయి, గుడ్లు ముక్కు పొరలోకి వచ్చి కాలీఫ్లవర్‌లాంటి కండ పెరుగుతుంది, పాపం పశువు ఊపిరి తీసుకోలేక గురక పెడుతూ ఉంటుంది. చెరువుల్లో, కాలవల్లో ఉండే ఇండోప్లానార్బిస్ నత్త దీన్ని మోస్తుంది. గేదెల్లో పురుగు ఉన్నా లక్షణాలు పెద్దగా కనపడవు, కానీ చీమిడిలో గుడ్లు వస్తూనే ఉంటాయి, అక్కడి నుంచి నీళ్లలోకి, నత్తలోకి, మళ్లీ ఆవులోకి. రైతు దృష్టిలో చూస్తే నత్తగుల్ల గారితోనే నేను, గుడ్డు ఆగితే కండ ఆగుతుంది, గేదె నుంచి ఆవుకి పాకడమూ ఆగుతుంది. మగ పురుగు ఒంటరిగా ముక్కులో పడున్నా నాకు పెద్ద బెంగ లేదు.

సూక్ష్మదర్శిని:
ఇద్దరూ పై పొర, పై పొర అంటున్నారు, ముందు ఆ పొర ప్రోటీన్ల లిస్టులు ఎలా తయారయ్యాయో చూడండి. బతికున్న పురుగుకి బయోటిన్ (ప్రోటీన్లకి గుర్తుగా అతికించే చిన్న అణువు) అంటించి, దానికి అతుక్కున్న ప్రోటీన్లని లాగి మాస్ స్పెక్‌లో (ఏ ప్రోటీనో గుర్తుపట్టే యంత్రంలో) పెడతారు. జపానికం అనే జాతిలో ఆడ, మగ విడిగా చేశారు కూడా, చాలా ప్రోటీన్లు రెండిట్లోనూ ఉన్నాయి, కొన్ని ఒకదాంట్లోనే దొరికాయి. కానీ విడిగా చేయాలంటే జంటని విడదీయాలి కదా! విడదీసిన క్షణం నుంచీ ఆడదాని ఒళ్లంతా బయోటిన్‌కి దొరుకుతుంది, మగదాని కాలువ లోపలి గోడ కూడా దొరుకుతుంది, శరీరంలో ఉన్నప్పుడు ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. ఆ కాలువ ప్రోటీన్ అని ఒకటుంది, మగదాని కాలువ గోడలో ఉంటుంది, జత కట్టిన ఆడదాని మీద కూడా కనపడుతుంది. అది ఆడదా మగదా అని ఏ ఖాతాలో రాస్తాం? పైగా ఈ పురుగులు కడుపులోది కక్కుతాయి, ఆడది ఇంకా ఎక్కువ తాగుతుంది కాబట్టి దాని లిస్టులో పేగు ఎంజైములు కలిసే అవకాశం ఎక్కువ. ఒకదాంట్లోనే కనపడింది అన్నంత మాత్రాన టార్గెట్ అయిపోదు.

నన్నడిగితే ఆడదాన్ని కొట్టాలంటే దారి పై పొర కాదు, నోరు. పాత కొలతల ప్రకారం ఆడ పురుగు గంటకి సుమారు 3,30,000 ఎర్ర రక్తకణాలు మింగుతుంది, మగది 39,000. రక్తంతో పాటు యాంటీబాడీలు కూడా లోపలికే పోతాయి, కాలువలో దాక్కున్నా తల బయట పెట్టి తాగక తప్పదు. పేగులో జీర్ణం చేసే ఎంజైముల మీద గురి పెడితే ఎక్కువ దెబ్బ ఆడదానికే.

రక్తనాళం:
మేడమ్ చెప్పిన జంట విడదీసే సమస్య చాలా ముఖ్యం, ఆ లిస్టులు చదివే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. అయినా నేను మగ వైపే ఉంటా. 2022లో టెక్సస్ ల్యాబ్ వాళ్లు చూపించారు, ఆడదాని ఎదుగుదలకి కావల్సిన సంకేతం మగది తయారుచేసే డైపెప్టైడ్ అనే ఒక చిన్న అణువు అని, అది ఇస్తే జత లేని ఆడవి కూడా గుడ్లు పెట్టాయి. గ్లూకోజు కూడా కొంత మగదాని ఒంట్లోంచే ఆడదానికి అందుతుంది. అలాంటప్పుడు మగదాని పై పొరని పాడుచేస్తే, అది చావకపోయినా, ఆడదాని తిండికీ ఎదుగుదలకీ దెబ్బ తగిలే అవకాశం ఉంది. పై పొరలో ఉండే టీఎస్‌పీ-2 ప్రోటీన్ తగ్గిస్తే పై పొర పలచబడి గుంటలు పడుతుంది, ఎలుకల్లో ఆ వ్యాక్సిన్ ఇస్తే పురుగులు, లివర్లో గుడ్లు రెండూ సగానికి పైగా తగ్గాయి. అది ఆడ మగ రెండిట్లోనూ ఉండే ప్రోటీనే.

ఇంక నత్తగుల్ల తమ్ముడికి ఒకటే చెప్తా, గుడ్లు తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్న బిల్‌హ్వాక్స్ వ్యాక్సిన్ గుర్తు చేసుకో. సెనెగల్ పిల్లల్లో మూడో దశ దాకా వెళ్లింది, 2018లో ఫలితం వచ్చింది, యాంటీబాడీలు బాగానే వచ్చాయి, జబ్బు తిరిగి రావడం మాత్రం ఆగలేదు.

నత్తగుల్ల:
బిల్‌హ్వాక్స్‌లో వాడింది 28 జీఎస్‌టీ అనే పురుగు ఎంజైము, అది పై పొర మీద బయటకి తేలి ఉండే ప్రోటీన్ కాదన్నా, యాంటీబాడీకి అందాలంటే పొర చెదరాలి. దాని ఓటమి చూపించి ఆడ పురుగు టార్గెట్ మొత్తాన్ని పక్కన పెట్టేయడం నేను ఒప్పుకోను. కానీ మేడమ్ చెప్పిన నోటి దారి నాకు నచ్చింది.

నా పట్టు ఒక్కటే, 2021లో 25 కోట్ల మందికి పైగా నివారణ మందు కావాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన జబ్బు ఇది, ఎక్కువమంది ఆఫ్రికాలో, అందులో పిల్లలు ఎందరో. ఏ ప్రోటీన్ ఎంచుకున్నా సరే, జంతువు మీద చేసే ప్రతి ట్రయల్లో మగవెన్ని, ఆడవెన్ని, జంటలెన్ని, ఒక్కో ఆడదానికి గుడ్లెన్ని అని నాలుగు అంకెలూ మొదటి టేబుల్లోనే ఇవ్వాలి. మీరు చెప్పినట్టు మగదాన్ని కొడితే ఆడది దెబ్బతింటుందా లేదా అన్నది కూడా ఆ నాలుగో అంకెలోనే తెలుస్తుంది.

రక్తనాళం:
నాలుగు అంకెలకీ ఒప్పుకుంటా. టార్గెట్ విషయంలో మాత్రం కాదు.