గోరుచిక్కుడు జిగురుకు అక్రిలమైడ్ అతికిస్తే అది పర్యావరణ హితమా?

మెట్టపొలం, అనంతపురం:
నీటిలో కరిగే గోరుచిక్కుడు జిగురును, మట్టిలో తడిని పట్టి ఉంచే గుళికలుగా మార్చే పద్ధతిని ఒక మిత్రుడు ఇక్కడ మెచ్చుకున్నారు. మైక్రోవేవ్ వేడితో అక్రిలమైడ్ అనే రసాయనాన్ని జిగురుకు అతికిస్తే సమయం, కరెంటు కలిసివస్తాయి కాబట్టి అది హరిత రసాయనమేనట. నేను ఒప్పుకోను. పొయ్యి మార్చారు సరే, కుండలో ఉడికేది అదే కదా! అక్రిలమైడ్ నరాలకు విషం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2ఏ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్నవాటిలో చేర్చింది.

ప్రయోగశాల, కడప:
అండీ, అక్రిలమైడ్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసుగా మారాక అది ఆ విషం కాదు. తాగునీటి శుద్ధిలోనే అలాంటి గొలుసైన పాలీఅక్రిలమైడ్ వాడుతున్నారు, గొలుసులో చేరకుండా మిగిలే అక్రిలమైడ్‌కు పరిమితి పెట్టి. మీ జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ ఊడలు దిగేటప్పుడు మూడు వారాలు చినుకు పడకపోతే రైతు గతి ఏమిటి? గుళికలను బాగా కడిగి వాడితే చాలు.

మెట్టపొలం:
ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? మేము తాగేది బోరు నీళ్లే. అక్రిలమైడ్ బదులు సిట్రిక్ ఆమ్లంతో గుళికలు చేయవచ్చు, నిమ్మకాయలోని పులుపే అది. జిగురుతో కలిపి సుమారు 140 డిగ్రీల దగ్గర వేడి చేస్తే జిగురు గొలుసుల మధ్య ఎస్టర్ బంధాలు, అంటే వాటిని కట్టి ఉంచే ముడులు ఏర్పడతాయి, బయటికి పోయేది నీరే. మేము చేసి చూశాం. స్వేదనజలంలో గుళికలు నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి, వేళ్ల మధ్య జారిపోయాయి. బోరు నీటిలో మాత్రం సగం కూడా ఉబ్బలేదు, నలిపితే గరుకుగా తగిలాయి. నీటిలోని లవణాలే కారణం. ఈ లోపం దాచను. అయితే మీ గుళికలనూ బోరు నీటిలోనే కొలిచారా?

నల్లరేగడి, కర్నూలు:
ఎస్టర్ బంధాలు మట్టిలో విడిపోతాయి, జిగురును సూక్ష్మజీవులు తినేస్తాయి. ఏటా కొనాల్సిందేనా అన్నా?

మెట్టపొలం:
అవును, ఏటా వేయాలి. వేరుశనగ మూడున్నర నెలల పంట. అప్పటిదాకా నిలిస్తే చాలు, తర్వాత కరిగిపోవాలనే నేను కోరుకుంటున్నాను. 1998లో రసాయన శాస్త్రవేత్తలు అనస్టాస్, వార్నర్ చెప్పిన హరిత రసాయనశాస్త్ర సూత్రాల్లో పదోది కూడా ఇదే: పని తీరాక వస్తువు హానిలేని పదార్థాలుగా విడిపోవాలి. పాలీఅక్రిలమైడ్ కార్బన్ గొలుసును మట్టిలోని జీవులు అంత తేలికగా తెంచలేవు.

ప్రయోగశాల:
మేము స్వేదనజలంలోనే కొలిచాం. ఒక క్యాను బోరు నీళ్లు పంపించండి, రెండు రకాలూ ఎర్రమట్టి కుండీల్లో పెట్టి చూస్తాను. కడిగిన నీళ్లనూ పరీక్షిస్తాను.