చవకైన ఘాటు మందే ఎందుకు కొంటారు?

ప్రశ్న: కొందరు ఎప్పుడూ చవకైన ఘాటు మందే కొంటారెందుకు? రుచి కోసమైతే కాదు కదండీ?

జవాబు 1: కాదండీ, లెక్క కోసం. అర లీటరు 5 శాతం బీరులో ఆల్కహాల్ 25 మి.లీ. అదే డబ్బా 9 శాతమైతే 45. ధరలో పెద్ద తేడా లేకపోతే చెయ్యి దేనిమీదకు పోతుంది? రోజు కూలి డబ్బులతో కొనేవాళ్లకు చిన్న సీసాయే అందుతుంది.

జవాబు 2: అలవాటు ముదిరినవాళ్ల సంగతి వేరు. పొద్దున్నే చేతులు వణికి గ్లాసు నిలవదు, ఆ వణుకు ఆగడానికే దగ్గర్లోని కొట్టుకు వెళ్తారు. దయచేసి వాళ్లను ‘ఇవాళే మానెయ్’ అని బలవంతపెట్టకండి. ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే, మందులతో పాటు థయామిన్ (విటమిన్ బి1) ఇస్తూ మాన్పించాలి.

జవాబు 3: మొదటి జవాబులో చెప్పిన ఆ 45 మి.లీ. ఆల్కహాల్ బరువు సుమారు 35 గ్రాములు. కాలేయం గంటకు 7–10 గ్రాములే కరిగిస్తుంది. అలాంటి 9 శాతం డబ్బాలు రెండు తాగితే, ఒంట్లోంచి పోవడానికి 7–10 గంటలు పడుతుంది.