పాత పాటల కార్యక్రమంలో ప్రకటన ఇస్తే గిరాకీ వస్తుందా?

ప్రశ్న (నల్లగొండ, వస్త్ర వ్యాపారి):
మాది పెళ్లి పట్టుచీరల దుకాణం. ఈ ఏడాది ప్రకటనల ఖర్చులో కొంత, రేడియోలో పాత సినిమా పాటలు వేసే వేళకు కేటాయించాలని నా ఆలోచన. ఆ పాటలు వినేవారంతా ముసలివారనీ, వారు కొనేదేమీ ఉండదనీ, ఆ డబ్బు ఫోన్ ప్రకటనలకే పెట్టాలనీ మా అబ్బాయి వాదిస్తున్నాడు. మా వీధిలోని టైలర్లు, ఆటోవాళ్లు మాత్రం ఇప్పటికీ పాత పాటలే పెట్టుకుంటారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (హైదరాబాదు, సొంతూరు దేవరకొండ, గతంలో ప్రకటనల ఏజెన్సీ ఉద్యోగి):
మీ అబ్బాయి చెప్పినదానిలో సగమే నిజం. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన పాటలను విడుదలైన రోజుల్లోనే విన్న తరానికి ఇప్పుడు 65 దాటాయి. కానీ 1980లలో ఇళయరాజా బాణీలు వింటూ కాలేజీకి వెళ్లినవారు ఇప్పుడు 55, 60 మధ్యన ఉండి, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. పడుచు వయసులో విన్న పాటలే మనిషికి చివరిదాకా తోడుంటాయి గనుక, ఒక తరం తప్పుకుంటుంటే మరో తరం వచ్చి చేరుతూనే ఉంటుంది. మారేది పాటల పట్టిక మాత్రమే. పైగా చీర ఎంచుకునేది పెళ్లికూతురే అయినా, బిల్లు కట్టేది ఆమె తల్లిదండ్రులు కదా.

అమెరికాలో ప్రకటనకర్తలు చాలాకాలంగా 25 నుంచి 54 ఏళ్ల మధ్యవారినే కోరుకుంటారు. న్యూయార్క్‌లోని డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 1972 నుంచి పాత పాటలకు పేరుపడిన కేంద్రం. అటువంటిది చిన్న వయసు శ్రోతల కోసం 2005 జూన్‌లో ఆ పద్ధతి మానుకుంది. ఆదరణ పడిపోవడంతో 2007 జూలైలో మళ్లీ పాత పాటలకే వచ్చింది. అయితే ఈసారి 1950ల పాటలను చాలావరకు పక్కనపెట్టి, 1960ల నడుమ నుంచి 1980ల దాకా వచ్చినవాటికి పెద్దపీట వేసింది. కాబట్టి మీరు సమయం కొనేముందు, ఆ కార్యక్రమంలో ఏ దశాబ్దపు పాటలు వేస్తారో అడగండి.

జవాబు (మహబూబ్‌నగర్):
శ్రోత సంగతి సరే, ముందు ప్రసారం మీ ఊరికి అందాలి కదా. ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే వెళ్తాయి. హైదరాబాదు మీకూ మాకూ సుమారు వంద కిలోమీటర్లు గనుక, అక్కడి కేంద్రానికి డబ్బు కడితే ఎక్కువభాగం నగరవాసుల చెవికే ఖర్చవుతుంది. ఆటోలోనూ, దుకాణంలోనూ వినపడే పాత పాటల్లో చాలావరకు పెన్‌డ్రైవ్‌వి. వాటి మధ్య మీ ప్రకటన రాదు. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో 234 కొత్త పట్టణాలకు 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ఉన్నాయి. అవి ప్రసారం మొదలుపెట్టాక మీవంటి దుకాణానికి లెక్క పూర్తిగా మారుతుంది. అప్పటిదాకా, మీ దుకాణం దగ్గర ఏ కేంద్రం గరగర లేకుండా వినిపిస్తుందో మీరే విని చూసుకుని ఒప్పందం చేసుకోండి.

జవాబు (మిర్యాలగూడ):
పై ఇద్దరి మాటా ఒప్పుకుంటూనే, పద్ధతి గురించి ఒకటి చెబుతాను. విడివిడిగా పది సెకన్ల ప్రకటనలు చల్లడం కన్నా, వీలైతే ఒకే కార్యక్రమాన్ని ఒకే వేళకు కొన్ని నెలలపాటు సమర్పించడం మేలు. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టినప్పుడు, రేడియో సిలోన్ నుంచి ఒక టూత్‌పేస్టు పేరుతో అమీన్ సయానీ నడిపిన బినాకా గీత్‌మాలా వల్ల ఆ పేరు దేశమంతటా ఇంటింటికీ తెలిసింది. వివిధ భారతి ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది 1967లో. అప్పటికే ఆ టూత్‌పేస్టు పేరు వేళ్లూనుకుంది.

ప్రకటనలో మాత్రం అరుపులు వద్దు. పాత పాట కోసం కూర్చున్న మనిషికి అది వెగటు పుట్టిస్తుంది. రేడియోలో చెప్పే ఫోన్ నంబరు మరెక్కడా ఇవ్వకుండా వేరుగా ఉంచితే, మూఢాల నెలలు వదిలేసి ఒక పెళ్లిళ్ల కాలం గడిచేసరికి, ఎన్ని ఫోన్లు రేడియో వల్ల వచ్చాయో మీ అబ్బాయికి లెక్క చూపించవచ్చు.