టేపు యంత్రం, కంప్యూటర్: దేన్ని ఏది అనుసరించాలి?

రీలు శ్రోత:
నా రీలు యంత్రంలో ఎనిమిదో ట్రాకు మీద సెకనుకు 25 ఫ్రేముల ఎస్‌ఎంపీటీఈ టైమ్ కోడ్ (టేపు ఏ క్షణంలో ఎక్కడుందో చెప్పే సంకేతం) ఎక్కించి, దాన్ని మిడి (సంగీత పరికరాలు, కంప్యూటర్లు సందేశాలు పంచుకునే పద్ధతి) టైమ్ కోడ్‌గా మార్చే పెట్టె ద్వారా కంప్యూటర్‌కు ఇస్తున్నాను. పాట మొదట్లో రెండూ కలిసే నడుస్తాయి గాని, నాలుగో నిమిషానికల్లా కంప్యూటర్‌లోని గాత్రం టేపు మీది డ్రమ్స్ కంటే వెనకబడిపోతోంది. టేపును మాస్టర్‌గా, అంటే రెండోది అనుసరించాల్సినదిగా, పెట్టడమే తప్పంటారా?

క్రిస్టల్:
తప్పనే అంటాను. కంప్యూటర్ క్లాక్‌కు ఉన్న నిలకడ ఏ మోటారుకూ ఉండదు. ప్లే, స్టాప్, రివైండ్ వంటి ఆదేశాలు పంపడానికి మిడి మెషీన్ కంట్రోల్ ఎలాగూ ఉంది కనుక, కంప్యూటర్‌ను మాస్టర్‌గా ఉంచి టేపునే దాని వెంట నడిపించండి.

కాప్‌స్టన్:
క్రిస్టల్ గారూ, మీరన్న మెషీన్ కంట్రోల్ యంత్రాన్ని కదిలిస్తుంది, ఆపుతుంది. కాని ఒకసారి కదిలిన టేపు ఎంత వేగంతో నడవాలన్నది దాని చేతిలో లేదు. టేపు నిజంగా అనుసరించాలంటే కోడ్‌ను చదువుతూ కాప్‌స్టన్ మోటారు (టేపును లాగే మోటారు) వేగాన్ని క్షణక్షణం సరిదిద్దే సింక్రనైజరూ, ఆ అదుపుకు లోబడే యంత్రమూ రెండూ కావాలి. అవి ఉన్నచోట మీ మాటే నా మాట. లేనిచోట మాత్రం టేపే ముందు నడవాలి, ఎందుకంటే దానికి అనుసరించే మార్గమే లేదు.

ఇక గాత్రం జారడానికి కారణం వేరే ఉంది. 1987లో వచ్చిన మిడి టైమ్ కోడ్ ఫ్రేముకు నాలుగు సందేశాలు పంపుతుంది. పూర్తి స్థానం తెలియాలంటే ఎనిమిది సందేశాలు, అంటే 25 ఫ్రేముల లెక్కన 80 మిల్లీసెకన్లు పడుతుంది. టేపు ఎక్కడుందో తెలుసుకున్న సాఫ్ట్‌వేర్ ఆ చోటు నుంచి ఆడియోను మొదలుపెడుతుంది గాని, ఆ తర్వాత ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌లోకీ, బయటికీ చేర్చే పరికరం) తన సొంత క్లాక్ మీదే నడుస్తుంది. టేపు 0.1 శాతం వేగంగా తిరిగినా నాలుగు నిమిషాలకు 240 మిల్లీసెకన్ల తేడా వస్తుంది, అంటే నిమిషానికి 120 బీట్ల పాటలో దాదాపు అర బీటు. నిర్ధారించుకోవాలంటే ఒక మిడి క్లిక్కునూ, అదే క్లిక్కును ఆడియోగా రికార్డు చేసిన ట్రాకునూ టేపుతో కలిపి వినండి: మిడి క్లిక్కు టేపుతోనే ఉండి, ఆడియో మాత్రమే జారితే దోషం ఇంటర్‌ఫేస్ క్లాక్‌దే. టైమ్ కోడ్ నుంచి వర్డ్ క్లాక్ (డిజిటల్ ఆడియో వేగాన్ని నిర్ణయించే సంకేతం) తయారుచేసి ఇచ్చే సింక్ పెట్టె పెట్టి, ఇంటర్‌ఫేస్‌ను ఎక్స్‌టర్నల్ క్లాక్‌కు మారిస్తే ఈ జారుడు ఆగుతుంది.

క్రిస్టల్:
కాప్‌స్టన్ అదుపు లేని యంత్రాల విషయంలో మీ వాదన ఒప్పుకుంటాను. కాని టేపు ఒడిదుడుకులన్నీ ఆ వర్డ్ క్లాక్‌లోకీ, దాని మీద రికార్డు చేసే గాత్రంలోకీ వస్తాయి కదా? అంతకంటే టేపు మీది ఏడు ట్రాకులనూ ఒకే విడతలో కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే సింక్ అవసరమే తీరిపోతుంది.

కాప్‌స్టన్:
టేపు పని ముగిసిన పాటకు అదే మంచి దారి. రీలు శ్రోత గారు ఇంకా టేపు మీద వాద్యాలు చేర్చదలిస్తే మాత్రం అది చాలదు. చేర్చిన ప్రతిసారీ మళ్లీ ఎక్కించాలి, ప్రతిసారీ వేగం కాస్త మారే వస్తుంది. అందుకే నేను సింక్ పక్షమే. ఏడో ట్రాకును ఖాళీగా ఉంచండి, కోడ్ ట్రాకు మీద నాయిస్ రిడక్షన్ (టేపు బుసను తగ్గించే సదుపాయం) ఆపేయండి. కోడ్ చప్పుడు పక్క ట్రాకులోకి కారుతుంది, నాయిస్ రిడక్షన్ కోడ్‌ను చెడగొడుతుంది.