వేసవి శిబిరంలో అమ్మవారు పోసిన పిల్లవాడిని మళ్లీ ఎప్పుడు రానివ్వాలి? నియమాలు రాయడానికి సాయం కావాలి

శిబిర నిర్వాహకురాలు, అనంతపురం

అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి ఒక్క కాగితం ముందు కూర్చుని ఉన్నాను, పని కదలడం లేదు. మా వేసవి శిబిరానికి ఆరోగ్య నియమాలు రాసి సోమవారం ఉదయానికి తల్లిదండ్రుల చేతిలో పెట్టాలి. ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ చదివాను. ఒకచోట మూడు రోజులని ఉంది, ఒకచోట వారమని ఉంది, మరోచోట వైద్యుడి ధ్రువపత్రం లేనిదే రానివ్వరాదని ఉంది. ఈలోగా ఒక బాబుకు అమ్మవారు పోసింది. నిన్న తలకు నీళ్లు పోశామనీ, సోమవారం నుంచి పంపుతామనీ వాళ్ల నాయన ఫోన్ చేశారు. ఆ బాబు వస్తే మా పాపను మాన్పిస్తామని ఇంకొక తల్లి అంటున్నారు. ఇద్దరూ ఫీజు మొత్తం కట్టినవారే. ఏ జబ్బుకు ఎన్ని రోజులు దూరం ఉంచాలో దయచేసి ఒక్క మాటలో చెప్పండి. వెతికి వెతికి విసిగిపోయాను.

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాలి. ఒక్కటి కూడా నీటితో ఉండకూడదు. రోజులు లెక్కపెట్టకండి, ఒళ్లు చూడండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

అమ్మా, మీరు అమ్మవారు అని మాత్రమే రాశారు. మా వైపు ఇళ్లలో తట్టును కూడా అమ్మవారనే అంటారు, కాబట్టి ముందు అది ఏదో తేల్చుకోవాలి. తట్టు అయితే ముందు రెండు మూడు రోజులు తీవ్రమైన జ్వరం, దగ్గు, జలుబు, కళ్లు ఎర్రబడడం ఉండి, తరువాత ముఖం నుంచి కిందికి ఎర్రని దద్దు దిగుతుంది. ఆటలమ్మ అయితే నీటి పొక్కులు గుంపులు గుంపులుగా వస్తాయి. ఒకేసారి కొన్ని కొత్తవి, కొన్ని పండినవి, కొన్ని ఎండినవి కనిపించడం దాని గుర్తు. తట్టు వచ్చిన పిల్లవాడిని దద్దు కనిపించిన తరువాత నాలుగు రోజులు దూరంగా ఉంచాలి, ఆటలమ్మకు అన్ని పొక్కులూ పెచ్చు కట్టేదాకా ఆగాలి. పైగా తట్టు అనుమానం ఉంటే ఆరోగ్య కేంద్రానికి తెలియజేయడం తప్పనిసరి, ఎందుకంటే ప్రభుత్వం ఆ కేసులను ఒక్కొక్కటిగా నమోదు చేసి పరీక్షకు పంపుతుంది. పేరు తేల్చకుండా మీరు నియమం రాస్తే ఒక జబ్బు గడువును ఇంకొక జబ్బుకు అంటగట్టినట్లవుతుంది.

ఒక అమ్మమ్మ, తాడిపత్రి

పెద్దవాళ్ల పద్ధతిని ఎవరూ తక్కువ చేయకండి. మా ఇళ్లలో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లం. ఆ మండలు చూసి బయటివాళ్లు లోపలికి వచ్చేవారు కాదు, ఇంట్లోవాళ్లు పేరంటాలకు వెళ్లేవారు కాదు. బిడ్డను వేరే గదిలో మెత్తని గుడ్డ మీద పడుకోబెట్టి, మజ్జిగన్నం పెట్టి, అంతా తగ్గాకే తలకు నీళ్లు పోసేవాళ్లం. ఇప్పుడు మీరు దూరం ఉంచడం అంటున్నది అదే కదా. తలకు నీళ్లు పోశారంటే బిడ్డ కోలుకున్నాడనే అర్థం. అనవసరంగా ఆ పిల్లవాడిని అవమానించకండి.

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

మండలు కట్టడం మంచిదే. అయితే ఈ మధ్య మంచిరోజు చూసి నీళ్లు పోస్తున్నారు, పొక్కులు చూసి కాదు. తలలోనూ, నోటిలోనూ, నడుము కింద కూడా చూడాలి.

ఒక అమ్మమ్మ, తాడిపత్రి

నోటిలో పొక్కు పెచ్చు ఎలా కడుతుంది?

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

కట్టదు. అక్కడ పుండు మానాలి. టీకా వేయించుకున్న పిల్లలకు వచ్చే తేలికపాటి ఆటలమ్మలోనూ పొక్కులు సరిగా లేచి పెచ్చు కట్టకపోవచ్చు. వారికి ఇరవై నాలుగు గంటలపాటు కొత్త మచ్చ ఒక్కటీ రాకుండా ఉండాలి.

నీటి ప్రయోగశాలలో పనిచేసి విరమించినవాడు, అనంతపురం

మీరందరూ ఆటలమ్మ దగ్గరే ఆగిపోయారు. వేసవి శిబిరంలో పిల్లలను ఎక్కువగా పడగొట్టేది వాంతులు, విరేచనాలు. నిర్వాహకురాలు గారూ, మీ శిబిరంలో తాగునీరు ఎక్కడిది? కుళాయి నీరైతే పీఏబీఆర్ (పెన్నహోబిలం జలాశయం) నుంచి శుద్ధిచేసి క్లోరిన్ కలిపి పంపినదే అయినా, అది మీ మేడ మీది ట్యాంకులో ఎండకు రోజంతా కాగితే అందులోని క్లోరిన్ ఎగిరిపోతుంది. తాగే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్ చూసే పరికరం క్లోరోస్కోపు, దాని గొట్టంలో నీరు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. రంగు రాలేదంటే రక్షణ లేనట్లే. క్యాన్ నీరు మంచిదనుకుని చాలామంది నిశ్చింతగా ఉంటారు, కానీ అందులో క్లోరిన్ అసలే ఉండదు, కాబట్టి కుండలోకి వంచిన తరువాత ఒక్క పిల్లవాడు గ్లాసుతోపాటు వేళ్లు ముంచినా ఆ కుండ మొత్తం కలుషితమవుతుంది. కుళాయి ఉన్న కుండ పెట్టండి, లేదా పొడవు కాడ ఉన్న గరిటెతో ఒక పెద్దవారే పోయాలని నియమం రాయండి. కుండను రోజూ సాయంత్రం బోర్లించి ఎండలో ఆరబెట్టండి. చేతులకు శానిటైజరు రాస్తే చాలదు. విరేచనాలు కలిగించే కొన్ని వైరస్‌లు దానికి లొంగవు. సబ్బు, పారే నీరు, ఇరవై సెకన్ల రుద్దుడు కావాలి. ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఒక ఓఆర్ఎస్ పొట్లాన్ని పొట్లం మీద రాసిన కొలత ప్రకారం, పెద్ద పొట్లమైతే సరిగ్గా లీటరు నీటిలో కలపాలి. నీళ్లు తగ్గిస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు కీడు చేస్తుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

అయ్యా, మీరు చెప్పినది విలువైనదే, కానీ ఆమె అడిగినది సోమవారం వచ్చే పిల్లవాడి గురించి.

నీటి ప్రయోగశాలలో పనిచేసి విరమించినవాడు, అనంతపురం

నియమావళి రాస్తున్నామన్నారు. నియమావళిలో నీటి మాట లేకపోతే అది నియమావళి కాదు. విరేచనాలు తగ్గిన తరువాత కూడా ఇరవై నాలుగు గంటలైనా, వీలైతే నలభై ఎనిమిది గంటలు, ఇంట్లోనే ఉంచాలని కూడా చేర్చండి.

ఒక తండ్రి, ధర్మవరం

జ్వరం సంగతి ఎవరూ చెప్పలేదు. మా పాప వెళ్లే శిబిరంలో ఇరవై నాలుగు గంటలు జ్వరం లేకుంటే రావచ్చని రాశారు. పొద్దున ఆరింటికి పారాసిటమాల్ వేసి తొమ్మిదింటికి దింపి వెళ్లేవారు ఉన్నారు. వారి లెక్కలో అది జ్వరం లేకపోవడమే.

ఫార్మసీ విద్యార్థి, కర్నూలు

అన్నా, అసలు జ్వరం అంటే ఎంతో ముందు రాయాలి. 99 చూసి ఇంటికి పంపేస్తే పిల్లలెవరూ మిగలరు. 100.4 ఫారన్‌హీటు, అంటే 38 సెల్సియస్, దాటితేనే జ్వరంగా పట్టించుకోవాలి.

ఒక తండ్రి, ధర్మవరం

చంకలో పెట్టి చూస్తే కొంత తక్కువే చూపుతుంది. అప్పుడు ఆ అంకెకు ఏం అర్థం? అంకె కాదు తమ్ముడూ, మందు లేకుండా అని రాయడం ముఖ్యం.

ఫార్మసీ విద్యార్థి, కర్నూలు

రెండూ రాయాలి. అంకె లేకుంటే ప్రతి ఉదయం గేటు దగ్గర గొడవే. ఏ థర్మామీటరుతో, ఎక్కడ పెట్టి చూస్తారో కూడా రాయాలి. ఇంకొక మాట. మన ఎండల్లో నడిచి వచ్చిన బిడ్డ నుదుటిని ఇన్‌ఫ్రారెడ్ యంత్రంతో చూస్తే లేని జ్వరం కనిపించవచ్చు. పది పదిహేను నిమిషాలు నీడలో కూర్చోబెట్టి చెమట తుడిచి చూడాలి. అలాగని ఎండ వల్ల వచ్చిన వేడే కదా అని వదిలేయనూ కూడదు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే అది వడదెబ్బ. తడిగుడ్డలతో చల్లబరుస్తూ వెంటనే 108కు ఫోన్ చేయాలి. అందులో పారాసిటమాల్ పనిచేయదు. ఇక ఆటలమ్మ వచ్చిన పిల్లలకు జ్వరం తగ్గడానికి ఆస్పిరిన్ ఎంతమాత్రం ఇవ్వరాదు. అది రేయ్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన స్థితికి దారితీయవచ్చు.

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

నిర్వాహకురాలు గారూ, మూడు సంగతులు చెప్పండి. పొక్కులు మొదట ఏ రోజు కనిపించాయి? ఆ బాబు శిబిరానికి చివరిసారి ఎప్పుడు వచ్చాడు? అక్కడ గర్భిణులు గానీ, స్టెరాయిడ్లు లేదా క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లలు గానీ ఉన్నారా?

శిబిర నిర్వాహకురాలు, అనంతపురం

నీటి పొక్కులే, ఆటలమ్మే అని వైద్యుడు చెప్పారట. పోయిన ఆదివారం కనిపించాయి. అంతకు ముందు రోజు, శనివారం, బాబు శిబిరానికి వచ్చి బాగానే ఆడుకున్నాడు. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఉన్నారు. ఒకే హాలు, రెండు కూలర్లు, ఎండకు కిటికీలు మూసి ఉంచుతాం. మందులు వాడే పిల్లలు ఎవరూ లేరు. బొమ్మలు నేర్పే మా సహాయకురాలికి ఐదో నెల, కానీ ఆమె ఆ బాబును ఎత్తుకోలేదు, ముట్టుకోలేదు.

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

నియమాల కాగితం పక్కన పెట్టండి. ముందు ఆ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేయండి.

పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ ఇతరులకు సోకుతుంది, గాలి ద్వారా కూడా సోకుతుంది, కాబట్టి శనివారం ఒకే హాలులో ఉన్నవారందరికీ, ముట్టుకోకపోయినా, అది తగిలినట్లే లెక్క. చిన్నప్పుడు ఆమెకు ఆటలమ్మ వచ్చి ఉంటే సాధారణంగా భయం లేదు. వచ్చిందో లేదో తెలియకపోతే రక్తంలో ఐజీజీ పరీక్ష, అంటే ఒంట్లో ఆ జబ్బుకు రక్షణ ఉందో లేదో చూపే పరీక్ష, చేసి తెలుసుకుంటారు. రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రక్షణనిచ్చే ప్రతిరక్షకాల ఇంజెక్షన్) ఇవ్వాలా అన్నది ప్రసూతి వైద్యులు నిర్ణయిస్తారు. అది తగిలిన నాటి నుంచి పది రోజుల లోపు ఇవ్వవలసినది, ఇప్పటికే ఏడు రోజులు గడిచాయి. గర్భిణికి ఆటలమ్మ టీకా వేయరు. గర్భిణికి ఈ జబ్బు వస్తే ఊపిరితిత్తులకు పాకే ప్రమాదం ఉంది. ఆమె రేపే వైద్యుల దగ్గరకు వెళ్లాలి. వెళ్లేముందు విషయం ఫోన్‌లో చెప్పమనండి, నేరుగా వెళ్లి మిగతా గర్భిణుల పక్కన బెంచీ మీద కూర్చోకూడదు.

ఒక అమ్మమ్మ, తాడిపత్రి

అమ్మా, ఈ మాట విన్నాక నా మాట పక్కన పెట్టండి, ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. కడుపుతో ఉన్నవాళ్లను మా పెద్దవాళ్లు ఆ వీధికే రానిచ్చేవారు కాదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

మరి మిగతా పిల్లల మాట? శిబిరం మూసేయాలా?

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

మూయనక్కరలేదు. తగిలిన పది నుంచి ఇరవై ఒక్క రోజుల మధ్య పొక్కులు రావచ్చు, అంటే వచ్చే మంగళవారం నుంచి ఆ పై వారం శనివారం దాకా. అన్ని రోజులూ ఉదయం గేటు దగ్గరే పిల్లల పొట్ట, వీపు, చెవుల వెనక చూసి లోపలికి పంపండి. ఆ బాబు పేరు చెప్పకుండా తల్లిదండ్రులందరికీ తేదీలతో ఒక కాగితం ఇవ్వండి. ఇళ్లలో గర్భిణులు, నెలల బిడ్డలు ఉన్నవారు ముందుగా జాగ్రత్త పడతారు. కిటికీలు తెరవండి. కూలరుకు కూడా గాలి బయటికి పోయే దారి ఉంటేనే గది చల్లబడుతుంది.

ఒక తల్లి, నంద్యాల

టీకా గురించి ఒక్క మాట చెప్పనివ్వండి, ఎందుకంటే ప్రభుత్వ టీకాలన్నీ వేయించాం కాబట్టి ఆటలమ్మ రాదని మా వీధిలో చాలామంది నమ్ముతున్నారు. ప్రభుత్వ పట్టికలో ఉన్నది తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్ టీకా. అది తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకసారి వేస్తారు. ఆటలమ్మ టీకా గానీ, గవదబిళ్లల టీకా గానీ అందులో లేవు. వాటిని ప్రైవేటుగా డబ్బు పెట్టి వేయించుకోవాలి. అందువల్ల నమోదు పత్రంలో టీకాలు వేయించారా అని ఊరికే అడిగితే అందరూ అవునని రాస్తారు. ఒక్కొక్క టీకా పేరు రాసి, కార్డు నకలు అడగండి. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అన్న ప్రశ్న కూడా ఉండాలి, సిబ్బందికి సైతం. ఈ డబ్బు పెట్టలేని ఇళ్ల పిల్లలకు కూడా ఈ టీకాలు అందాలని నా గట్టి కోరిక.

ఒక తండ్రి, ధర్మవరం

గవదబిళ్లలకు ఎన్ని రోజులు?

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

వాపు మొదలైన తరువాత ఐదు రోజులు.

బ్యాంకు ఉద్యోగిని, అనంతపురం

అక్కా, నేను తల్లిగా చెబుతున్నాను. ఎన్ని నియమాలు రాసినా, జబ్బు పిల్లవాడిని పంపే ఇల్లు ఎందుకు పంపుతోందో చూడకపోతే అవి పాటింపులోకి రావు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే మా వంటి ఇళ్లలో అవ్వ ఊరిలో ఉంటే, వేసవి సెలవుల్లో బిడ్డను చూసుకునేది మీ శిబిరమే. బిడ్డ వారం రాకపోతే కట్టిన ఫీజు పోతుంది, మాకు సెలవులు పోతాయి. అప్పుడు రెండు పొక్కులు మిగిలి ఉన్నాయన్న సంగతి చెప్పడానికి ఎవరికీ మనసు రాదు. జబ్బు వల్ల రాని రోజుల ఫీజు తిరిగి ఇస్తామనో, జూన్‌లో బడులు తెరిచేలోపు ఆ రోజులు కలుపుతామనో ఒక్క వాక్యం రాయండి. ఉన్న సంగతి దాచకుండా చెప్పేవారు పెరుగుతారు. ఆ బాబు వాళ్ల నాయనకు కూడా అదే మాట ముందు చెప్పి, తరువాత పొక్కుల సంగతి అడగండి. బిడ్డను గేటు దగ్గర నలుగురిలో ఆపకండి.

ఫార్మసీ విద్యార్థి, కర్నూలు

ఫీజు తిరిగి ఇస్తే రోజూ ఎవరో ఒకరు కడుపునొప్పి అంటారు. ధ్రువపత్రం అడగాలి.

బ్యాంకు ఉద్యోగిని, అనంతపురం

ధ్రువపత్రం కోసం సోకే జబ్బుతో ఉన్న బిడ్డను ఆసుపత్రి వరుసలో నిలబెట్టమంటారా? ఫోన్‌లో తీసిన ఫోటో చాలదా?

ఫార్మసీ విద్యార్థి, కర్నూలు

ఫోటోలో తల లోపలి పొక్కులు కనపడవు.

నీటి ప్రయోగశాలలో పనిచేసి విరమించినవాడు, అనంతపురం

నీరు ఎక్కడిదో ఇంకా చెప్పలేదు.

శిబిర నిర్వాహకురాలు, అనంతపురం

సహాయకురాలితో మాట్లాడాను. చిన్నప్పుడు వచ్చిందో లేదో ఆమెకు తెలియదు, వాళ్లమ్మను అడుగుతానంది, ఏదైనా రేపు ఉదయం వైద్యురాలికి ఫోన్ చేస్తుంది. బాబు వాళ్ల నాయన నడుము మీద ఇంకా నీటి పొక్కులు ఉన్నాయని ఒప్పుకున్నారు, ఎండేదాకా పంపరు. ఆ రోజులు చివరలో కలుపుతానని చెప్పాను. మిగతావారికి కూడా అలాగే చేయగలనా అన్నది లెక్క చూసుకోవాలి. నీరు క్యాన్‌దే, కుండకు కుళాయి లేదు. అందరికీ ధన్యవాదాలు.